చిట్టెలుక నేర్పిన పాడి పాఠం: కాకినాడ శాస్త్రజ్ఞుని కృషి

"తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని మన పెద్దలు అంటారు. పశువు గుణం దాని పుట్టుకలోనే ఉంటుందని పాడి రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఒకే కొట్టంలో, ఒకే మేత మేసే రెండు గేదెలు ఉంటాయి. ఒకదాని పాలకు వెన్న 8 శాతం వస్తుంది. రెండోదానికి 6 దగ్గరే ఆగిపోతుంది. పాల కేంద్రంలో చీటీ చేతికి వచ్చేసరికి ఆ తేడా రూపాయల్లో తేలుతుంది. దాణాలో లోపమా, పితకడంలో లోపమా అని వెతుకుతాం. ఏదీ దొరకకపోతే "దాని పుట్టుక అంతే" అని సరిపెట్టుకుంటాం.

ఆ "పుట్టుక" అనే మాటలో ఏమున్నదో విప్పి చూడటానికి శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్లు శ్రమించారు. వారికి ఎక్కువగా తోడ్పడింది ఆవు కాదు, గేదె కాదు. ధాన్యపు గాదెల్లో మనం తరిమికొట్టే చిట్టెలుక! ఆ చిట్టెలుక జన్యు శాస్త్రాన్ని ముందుకు నడిపించిన వారిలో ఒకరు మన తెలుగువారు, కాకినాడలో పుట్టిన డాక్టర్ రాజు కుచెర్లపాటి. వారి కృషి ఏమిటో, దానికీ మన పాల క్యానుకూ సంబంధం ఏమిటో సభ్యులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జన్యువు అంటే ఏమిటి?

ప్రతి ప్రాణి శరీరమూ కంటికి కనిపించని కణాలతో కట్టబడి ఉంటుంది. ప్రతి కణంలోనూ క్రోమోజోములనే సన్నని పోగులు ఉంటాయి. ఆ పోగుల మీద వరుసగా రాసిపెట్టిన ఆదేశాలే జన్యువులు. ఏ పదార్థం తయారు కావాలి, ఎప్పుడు, ఎంత అనేది ఆ ఆదేశాల్లో ఉంటుంది. ఆవుకు క్రోమోజోములు 60, ముర్రా గేదెకు 50, మనిషికి 46, చిట్టెలుకకు 40. సగం తండ్రి నుంచి, సగం తల్లి నుంచి వస్తాయి. అందువల్లనే ఆబోతు ఒక్క చుక్క పాలు ఇవ్వకపోయినా, దాని కూతుళ్ల పాలలో సగం పాత్ర దానిదే.

లెక్కలు వేరైనా, ఈ ప్రాణులన్నింటి జన్యువులూ చాలావరకు ఒకదానికొకటి సరిపోలుతాయి. ఆవులో వెన్న తయారీకి ఆదేశమిచ్చే జన్యువుకు చిట్టెలుకలోనూ జోడీ ఉంది. కాబట్టి ఎలుకలో తెలుసుకున్నది ఆవులో వెతికి చూడవచ్చును.

ఎలుకనే ఎందుకు ఎంచుకున్నారు? సమయం కలిసివస్తుంది గనుక. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుది 280 రోజులు. చిట్టెలుక సుమారు 20 రోజులకే ఈనుతుంది. ఒక్కో ఈతకు ఆరు, ఎనిమిది పిల్లలు. ఆ పిల్లలు ఆరేడు వారాలకే ఎదకు వస్తాయి. అంటే ఏడాదిలో నాలుగు తరాలు చూడవచ్చును. నాలుగో ఏట తొలి ఈత ఈనే గేదెలో నాలుగు తరాలు చూడాలంటే 16 ఏళ్లు పడుతుంది. ఒక శాస్త్రజ్ఞుని ఉద్యోగ జీవితంలో సగం అందులోనే గడిచిపోతుంది.

కాకినాడ నుంచి అమెరికా వరకు

కుచెర్లపాటి రాజు 1943లో కాకినాడలో జన్మించారు. అక్కడి పిఠాపురం రాజావారి కళాశాలలోనూ, తర్వాత ఆంధ్ర విశ్వకళా పరిషత్తులోనూ చదివారు. పై చదువులకు అమెరికా వెళ్లి, 1972లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పట్టం పొందారు. పిమ్మట యేల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రడిల్ అనే పేరొందిన శాస్త్రజ్ఞుని దగ్గర చేరారు.

అక్కడ జరుగుతున్న పని వింతగా ఉండేది. చిట్టెలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒకే కణంగా చేసేవారు. ఆ జంట కణం పెరిగి విభజన పొందే కొద్దీ, దానిలోని మనిషి క్రోమోజోములు ఒక్కొక్కటే జారిపోతాయి. ఏ క్రోమోజోము పోయినప్పుడు ఏ పదార్థం తయారీ ఆగిందో గమనిస్తే, ఆ జన్యువు ఆ క్రోమోజోము మీదనే ఉన్నదని తేలుతుంది. ఒక రూటు లారీ రాని రోజున డెయిరీలో ఏ ఏ సంఘాల పాలు తగ్గాయో చూసి, ఆ సంఘాలు ఆ రూటులోనివే అని చెప్పినట్లన్న మాట. ఈ విధానాన్ని వివరిస్తూ 1974లో రడిల్, కుచెర్లపాటి కలిసి సామాన్య పాఠకుల కోసం సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వ్యాసం రాశారు.

ఆ తర్వాత వారు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోనూ, షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోనూ, 1989 నుంచి న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలోనూ పనిచేశారు. 2001లో హార్వర్డ్ వైద్య కళాశాలలో జన్యు శాస్త్ర ఆచార్యులయ్యారు.

వెయ్యింటిలో ఒకటి

జన్యువు ఎక్కడ ఉన్నదో తెలిసినంత మాత్రాన అది ఏమి చేస్తుందో తెలియదు. ఏమి చేస్తుందో తెలియాలంటే, ఆ ఒక్క జన్యువునే మార్చి చూడాలి. ఇదే అన్నింటికంటె కష్టమైన పని.

సంఘం పద్దు పుస్తకంతో పోల్చి చూద్దాం. వేల పేజీల పుస్తకంలో ఒకే ఒక్క సభ్యుని పద్దు దిద్దాలి. కొత్త చీటీ ఒకటి రాసి పుస్తకంలోకి విసిరితే, అది ఏ పేజీలో పడుతుందో చెప్పలేం. కణంలోకి బయటి నుంచి జన్యువును పంపినప్పుడు జరిగేది సరిగా ఇదే. ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. కాని ఆ చీటీకి పైన, కింద అసలు పేజీలోని వాక్యాలనే రాసిపెడితే? ఆ వాక్యాలు సరిపోలిన చోటును కణమే వెతికి పట్టుకొని, పాత పద్దుకు బదులు కొత్తది చేర్చే అవకాశం ఉంది. కణాలకు ఇటువంటి శక్తి సహజంగానే ఉన్నది.

అయితే పెద్ద ప్రాణుల కణాల్లో ఇది మనం కోరినట్లు జరుగుతుందా అని చాలామంది సందేహించారు. 1984లో కుచెర్లపాటి, ఆలివర్ స్మితీస్, వారి సహచరులు కలిసి, లోనికి పంపే జన్యు పోగును ముందుగా కొంత కత్తిరించి పంపితే సరిపోలిన పోగుల మధ్య మార్పిడి పెరుగుతుందని చూపించారు. మరుసటి ఏడు, 1985 సెప్టెంబరులో, నేచర్ పత్రికలో ఇంకొక వ్యాసం వెలువడింది. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థంలో ఒక భాగాన్ని తయారు చేసే జన్యువు దగ్గరకే, మనిషి క్రోమోజోము మీద, కోరిన ముక్కను చేర్చగలిగామని అందులో ప్రకటించారు. ముక్కను స్వీకరించిన కణాల్లో సుమారు వెయ్యింటికి ఒకదానిలో మాత్రమే అది సరైన చోట కుదిరింది. మిగిలిన 999లో ఇంకెక్కడో పడింది. అయినా ఆ ఒక్కటి చాలు! అది సాధ్యమేనని రుజువైంది. ఆ వ్యాసానికి మొదటి పేరు స్మితీస్‌ది, చివరి పేరు కుచెర్లపాటిది.

ఇక్కడి నుంచి పని చిట్టెలుకల వైపు సాగింది. 1981లోనే ఇంగ్లండులో మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కౌఫ్‌మన్ ఎలుక పిండం నుంచి, శరీరంలో ఏ భాగంగానైనా పెరగగల మూల కణాలను వేరుచేశారు. ఆ కణాల్లో కోరిన జన్యువును దిద్ది, ఆ దిద్దిన కణాలను మరొక ఎలుక పిండంలో ఉంచి, ఆ పిండాన్ని తల్లి ఎలుక గర్భసంచిలో చేర్చుతారు. గోధుమ రంగు ఎలుక కణాలను నల్ల ఎలుక పిండంలో ఉంచితే, పుట్టే పిల్ల రెండు రంగుల మచ్చలతో ఉంటుంది. మచ్చలు చూడగానే పని ఫలించిందని తెలుస్తుంది. ఆ పిల్లలను దాటించి, తర్వాతి తరాల్లో ఆ జన్యువు పూర్తిగా పనిచేయని ఎలుకలను పొందుతారు. ఇక అప్పుడు ఆ ఎలుకకు ఏమి కొరవడిందో చూడటమే! ఈ విధానాన్ని రూపొందించినందుకు 2007లో స్మితీస్, ఎవాన్స్, మారియో కపెక్కి గార్లకు నోబెల్ బహుమతి లభించింది.

ఎలుకలు చెప్పిన నిజాలు

డాక్టర్ కుచెర్లపాటి ఈ పనిముట్టును ముఖ్యంగా పెద్దపేగు కాన్సరు మీద ప్రయోగించారు. కొన్ని కుటుంబాల్లో ఈ వ్యాధి తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకు చిన్న వయస్సులోనే వస్తూ ఉంటుంది. 1994లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులతో కలిసి, ఇటువంటి కుటుంబాల్లో చెడిపోయే ఒక జన్యువును ఎలుకలో చెరిపి చూశారు. ఎలుక పేగుల్లో కణుతులు లేచాయి. వ్యాధి ఎట్లా మొదలవుతుందో, ఏ మందుకు లొంగుతుందో మనిషిని బాధించకుండా తెలుసుకునే మార్గం ఏర్పడింది.

1996లో చేసిన మరొక పని పాడి రైతులకు ఆసక్తి కలిగిస్తుంది. కణం విభజన పొందేటప్పుడు జన్యువుల నకలులో దొర్లే తప్పులను దిద్దే జన్యువులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎం.ఎల్.హెచ్-1 అనేదాన్ని ఎలుకల్లో పనిచేయకుండా చేశారు. ఈ జన్యువు చెడితే మనుషుల్లో పెద్దపేగు కాన్సరు వస్తుందని అప్పటికే తెలుసు. ఎలుకల్లో మరొకటి కూడా బయటపడింది. మగవి మామూలుగానే దాటాయి, కాని వాటిలో పక్వమైన వీర్యకణాలు లేవు. ఆడవి వేళకు ఎదకు వచ్చాయి, దాటించుకున్నాయి, కాని ఒక్కటీ చూడి కట్టలేదు. ఒక్క జన్యువు లోపంతో పైకి అన్నీ సవ్యంగా కనిపించే పశువు గొడ్డుపోవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

ఇది చదివి, మన కొట్టంలో తిరగపొర్లే పశువులన్నీ జన్యు లోపంతో పుట్టినవే అనుకోరాదు. మన గ్రామాల్లో అటువంటి పశువుల్లో ఎక్కువ భాగానికి కారణాలు ఖనిజ లవణాల కొరత, గర్భసంచి వ్యాధులు, ఎద గుర్తించడంలో ఆలస్యం, సూది వేళ తప్పడం. ముందు వాటిని సరిచేసుకోవాలి.

ముర్రుపాలు, మందుల ఎలుక

డాక్టర్ కుచెర్లపాటి పాలుపంచుకున్న మరొక కార్యం మనకు ముర్రుపాల ద్వారా సులభంగా అర్థమవుతుంది. ఈనిన గంటలోపే దూడకు ముర్రుపాలు పట్టాలని మన పశువైద్యులు ఎందుకు చెబుతారు? దూడ పుట్టేటప్పుడు దాని రక్తంలో వ్యాధిని ఎదిరించే ప్రతిరక్షకాలు ఉండవు. తల్లి శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలు ముర్రుపాలలోనే ఉంటాయి. కొన్ని గంటలు దాటితే దూడ పేగులు వాటిని లోనికి తీసుకోలేవు.

ఇటువంటి ప్రతిరక్షకాలనే మందుగా ఇస్తే వ్యాధులు నయం చేయవచ్చునని వైద్యులు తలచారు. వాటిని ఎలుకలో తయారు చేయించడం సులభమే. అయితే అవి ఎలుక రకానివి. మనిషి శరీరం వాటిని పరాయివిగా గుర్తించి తిప్పికొడుతుంది. దీనికి విరుగుడుగా, ఎలుకలో ప్రతిరక్షకాలు తయారుచేసే జన్యువులను ఆపివేసి, వాటి స్థానంలో మనిషి జన్యువులను ఉంచారు. పుట్టుక ఎలుకదే, ప్రతిరక్షకం మాత్రం మనిషిది! జీనోమౌస్ అని పేరు పెట్టిన ఈ ఎలుక పేటెంటుదారుల్లో కుచెర్లపాటి, ఆయా యాకొబోవిట్స్ తదితరులు ఉన్నారు. దీని నుంచి వచ్చిన పానిటుముమాబ్ అనే మందును 2006లో అమెరికాలో పెద్దపేగు కాన్సరుకు అనుమతించారు. ఎముకలు గుల్లబారే జబ్బుకు వాడే డెనోసుమాబ్ కూడా ఇటువంటి ఎలుక నుంచే వచ్చింది. దానికి 2010లో అనుమతి లభించింది.

వెన్న శాతం గుట్టు

ఇక మన పాల క్యాను దగ్గరకు వద్దాం. ఇది డాక్టర్ కుచెర్లపాటి చేసిన పని కాదు. కాని వారు పునాది వేసిన విధానంతోనే జరిగింది.

వెన్న తయారీలో చివరి మెట్టు మీద పనిచేసే జన్యువు ఒకటి ఉన్నది. దానిని డీగ్యాట్-1 అంటారు. 2000లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ జన్యువు లేని ఎలుకలను తయారుచేశారు. వాటికి కొవ్వు మేత ఎంత పెట్టినా ఒళ్లు చేయలేదు. అంతకంటె వింత ఏమంటే, ఆ ఎలుకలు ఈనాయి గాని, పిల్లలకు పాలు ఇవ్వలేకపోయాయి!

ఒక్క జన్యువు లేక పాలే రాలేదంటే, ఆ జన్యువులోని చిన్న తేడాలు ఆవు పాల మీద ఎంత ప్రభావం చూపవచ్చు? ఐరోపాలో ఆవుల వెన్న శాతాన్ని ప్రభావితం చేసే చోటు 14వ క్రోమోజోము మీద ఉన్నదని అప్పటికే తెలుసు, కాని అది ఏ జన్యువో తేలలేదు. ఎలుక కథ తెలియగానే వారి చూపు డీగ్యాట్-1 మీద పడింది. 2002లో గుట్టు బయటపడింది. ఆ జన్యువు తయారుచేసే మాంసకృత్తిలో 232వ స్థానంలో లైసిన్ అనే పదార్థం ఉంటే వెన్న శాతం ఎక్కువ, పాల కొలత కొంత తక్కువ. అదే స్థానంలో ఎలనిన్ ఉంటే పాలు ఎక్కువ, వెన్న తక్కువ. హోల్‌స్టీన్ ఆవుల్లో రెండు రకాలూ ఉన్నాయి.

మరి మన పశువుల సంగతి? 2006లో మన దేశ శాస్త్రజ్ఞులు మన ఆవు జాతులనూ గేదె జాతులనూ పరీక్షించి చూస్తే, అన్నింటిలోనూ లైసిన్ రకమే కనిపించింది. అంటే వెన్న వైపు మొగ్గే ఆ లక్షణం మన పశువుల్లో తరతరాలుగా స్థిరపడి ఉంది. వెన్న శాతాన్ని బట్టి ధర చెల్లించే మన సంఘాలకు ఇది చిన్న ఆస్తి కాదు. పాల కొలత పెరుగుతుందని ఆలోచన లేకుండా పరాయి రక్తాన్ని అంతకంతకూ ఎక్కించుకుంటూ పోతే, ఈ ఆస్తితో పాటు ఎండను ఓర్చుకునే శక్తి కూడా తగ్గిపోతుంది. సంకరం వద్దని కాదు. ఎంత వరకు అనేది మీ ప్రాంతపు మేత, నీరు, ఎండలను బట్టి పశువైద్యుని సలహాతో నిర్ణయించుకోవాలి.

సైబరాబాదులో ఒంగోలు ఆవు

డాక్టర్ కుచెర్లపాటి దేశం విడిచిన రోజుల్లో హైదరాబాదుకు పడమట మాదాపూరు, గచ్చిబౌలి అంటే బండరాళ్లు, పొలాలు, గొర్రెల మందలు. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. మాదాపూరులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ తర్వాత హైటెక్ సిటీ, ఆర్థిక మండలం అద్దాల మేడలతో నిండిపోయాయి. కంప్యూటర్లకు పేరుపడిన ఆ ప్రాంతంలోనే, గచ్చిబౌలి దాటిన తర్వాత గౌలిదొడ్డి దగ్గర, కేంద్ర ప్రభుత్వ జీవసాంకేతిక విభాగం కింద జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ పనిచేస్తున్నది.

ఈ సంస్థ రూపొందించిన "ఇండిగౌ" అనే జన్యు చిప్పును 2021 ఆగస్టులో విడుదల చేశారు. ఒంగోలు, గిర్, సాహివాల్, కాంక్రేజ్ వంటి మన దేశవాళీ జాతుల కోసమే తయారైన మొదటి చిప్పు ఇది. కొద్ది రక్తం ఉంటే చాలు. ఆవు జన్యువుల్లో 11,496 చోట్ల ఏ రకం అక్షరం ఉన్నదో ఈ చిప్పు చదివి చెబుతుంది. దీనివల్ల జాతి స్వచ్ఛత తెలుస్తుంది. ముందు ముందు, దూడ పుట్టిన నెలలోనే అది మంచి ఆబోతు అవుతుందో కాదో అంచనా వేయడానికీ ఇటువంటి చిప్పులే ఆధారం. పాత పద్ధతిలో ఆబోతు విలువ తేలాలంటే దాని కూతుళ్లు పెరిగి, ఈని, పాలిచ్చే వరకు ఆరేడేళ్లు ఆగాలి. 2024 అక్టోబరులో ఆవులకు "గౌ చిప్", గేదెలకు "మహిష్ చిప్" అనేవాటిని కూడా ప్రభుత్వం విడుదల చేసింది.

చిప్పు ఒక్కటే చాలదు

ఇక్కడ సభ్యులు ఒక ముఖ్య విషయం గమనించాలి. చిప్పు అక్షరాలను మాత్రమే చదువుతుంది. ఏ అక్షరం ఉంటే ఎన్ని పాలు, ఎంత వెన్న అనేది దానికి ఎవరో చెప్పాలి. అది చెప్పేది వేలాది ఆవుల, గేదెల పాల లెక్కలే. ఎలుకల గదిలో ప్రతి పిల్లకూ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ రోజున పుట్టింది అనే చీటీ బోను మీద వేలాడుతూ ఉంటుంది. ఆ చీటీ లేనిదే డాక్టర్ కుచెర్లపాటి అయినా ఏమీ కనుగొనలేరు. మన పల్లెల్లో మంచి పశువులకు కొరత లేదు. కొరత అంతా ఆ చీటీకే. ఐరోపా, అమెరికా ఆవుల లెక్కలు తరాల తరబడి ఉన్నాయి గనుక అక్కడి చిప్పులు బాగా పలుకుతాయి. లెక్క రాయని ఒంగోలు ఆవు విషయంలో ఎంత గొప్ప చిప్పయినా మూగదే. కావున సంఘాలన్నీ ఈ కింది పనులు శ్రద్ధగా చేయాలని కోరుతున్నాము.

1. ప్రతి పశువుకూ 12 అంకెల చెవి పోగు వేయించండి. పోగు ఊడిపోతే వెంటనే తిరిగి వేయించి, పాత సంఖ్యతో ముడిపెట్టి నమోదు చేయించండి.

2. కృత్రిమ గర్భధారణ చేయించినప్పుడు వీర్యపు స్ట్రా మీద ముద్రించిన ఆబోతు సంఖ్యను, తేదీని మీ పుస్తకంలో రాసుకోండి. స్ట్రాను పారవేయకముందే ఈ పని కావాలి.

3. నెలకు ఒక రోజున రెండు పూటలా, పశువు వారీగా పాలు కొలిచి, వెన్న పరీక్ష చేయించి రాయండి. ఇంటి పాలన్నీ కలిపి పోసిన లెక్కతో ఏ పశువు విలువా తేలదు.

4. తండ్రి ఆబోతు వీర్యాన్నే కూతురికి వేయించకండి. దగ్గరి రక్తసంబంధంలో దాటించిన ఎలుకల వంశాల్లో చాలా వాటికి ఈతలు తగ్గి, బలం తగ్గి, అంతరించిపోయాయి. పెయ్య ఎదకు వచ్చేసరికి మీ ఊరికి వస్తున్న ఆబోతు సంఖ్య మారిందో లేదో కార్యదర్శిని అడిగి తెలుసుకోండి.

5. పుట్టుకతో వచ్చిన లోపం దూడలో కనిపిస్తే దాచకుండా పశువైద్యునికి చెప్పండి. అదే ఆబోతు దూడల్లో మరికొన్నింటికి ఉంటే, ఆ ఆబోతును ఆపివేయవచ్చును.

మేత, నీరు, శుభ్రత లేకుండా జన్యువు ఒక్కటే పాలు కురిపించదు. పాల కొలతలో పశువుకూ పశువుకూ ఉండే తేడాలో పుట్టుక వాటా సుమారు నాలుగో వంతు మాత్రమే. మిగిలినది పోషణ మీద ఆధారపడుతుంది. వెన్న శాతంలో పుట్టుక వాటా ఇంకా ఎక్కువ. పోషణ ఈ ఈత వరకు ఫలితమిస్తుంది. పుట్టుక తర్వాతి తరాలకు కూడా వెళ్తుంది. రెండూ రైతు చేతిలోనే ఉన్నాయి.

మనుషుల విషయానికి వస్తే, ఒకే కుటుంబంలో తరం తరువాత తరం చిన్న వయస్సులో పెద్దపేగు కాన్సరు కనిపిస్తే, వారు పెద్ద ఆసుపత్రిలో జన్యు పరీక్ష గురించి అడగాలి. ముందుగా తెలిస్తే కాపాడుకునే మార్గాలు ఉన్నాయి. ఈ జ్ఞానంలో కాకినాడ బిడ్డ భాగమూ, పేరు లేని ఎన్నో చిట్టెలుకల భాగమూ ఉన్నది.

వెయ్యి కణాల్లో సరైన ఒక్కదాన్ని గుర్తుపట్టడం 1985లో సాధ్యమైందంటే, ప్రతి కణానికీ లెక్క ఉండబట్టే. మీ సంఘంలో వెయ్యి పశువులు ఉంటే, వాటిలో మేలైనది ఏదో చెప్పగలిగేది మీ పుస్తకమే. ఈ నెల నుంచే లెక్క ప్రారంభించవలసిందిగా మనవి.